నిరూపణను చెప్పకుండా నేర్పడం: డిగ్రీ గణిత అధ్యాపకుల శిక్షణ డైరీ

జూన్, చివరి వారం

ఈ పని ఎందుకు తలపెట్టానో ముందే రాసి పెట్టుకుంటున్నాను. నాలుగు నెలలు గడిచేసరికి అసలు కారణం మరుగున పడిపోయి, హాజరు పట్టీ, గ్రూపు ఫొటో, సర్టిఫికెట్లు మాత్రమే మిగలడం నేను వెళ్లిన రిఫ్రెషర్ కోర్సుల్లో ఒకటికి రెండుసార్లు చూశాను.

మా కాలేజీలో వాస్తవ విశ్లేషణ రెండో మిడ్ పరీక్ష పత్రాలు దిద్దుతుండగా, “అభిసరించే ప్రతి అనుక్రమమూ పరిబద్ధం” (ఒక సంఖ్యకు, అంటే అవధికి, ఎంతైనా దగ్గరయ్యే సంఖ్యల వరుస ఏదో ఒక హద్దు దాటదు) అన్న సిద్ధాంతానికి పదకొండు పత్రాల్లో ఒకే నిరూపణ ఒకే పొరపాటుతో కనిపించింది. మొదటి కొన్ని పదాల పరమ మూల్యాల్లోనూ, అవధి పరమ మూల్యానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలోనూ గరిష్ఠమైనదాన్ని తీసుకోవలసిన చోట పదకొండు మందీ కనిష్ఠమైనదాన్ని తీసుకున్నారు. ఆరా తీస్తే, బజారులో దొరికే ఒక గైడులోని అచ్చుతప్పు అది. పిల్లలు గైడు చూసి చదివారన్నది నాకు పెద్ద బాధ కాదు, మేమూ చదివినవాళ్లమే. పదకొండు మందిలో ఒక్కరి పెన్నయినా ఆ మాట దగ్గర ఆగలేదన్నదే బాధ. ఆ సిద్ధాంతాన్ని బోర్డు మీద పన్నెండు నిమిషాల్లో చెప్పి ముగించింది నేనే కాబట్టి, ఆ బాధలో నా వాటా నాకుంది.

రాజమహేంద్రవరం చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల నుంచి 14 మంది గణిత అధ్యాపకులు రావడానికి ఒప్పుకున్నారు. నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం ఒక్కో పూట కూర్చుంటాం. పూటలో మొదటి సగం వాళ్లు విద్యార్థులు, నేను సమస్య ఇస్తాను గాని సమాధానం చెప్పను. రెండో సగంలో ఆ గదిలో ఏం జరిగిందో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో, నేను ఏ ప్రశ్న వేయకుండా ఉండవలసిందో అందరం కలిసి విప్పి చూస్తాం. అక్టోబరు నుంచి ఎవరి తరగతిలో వాళ్లు ఒక్కో పాఠాన్ని ఈ పద్ధతిలో నడిపి చూడాలి.

పేరు దగ్గరే చిన్న పేచీ వచ్చింది. ‘విచారణ ఆధారిత బోధన’ అని నేను నోటీసులో రాస్తే, విచారణ అనగానే పోలీసులు గుర్తొస్తున్నారండీ అని ఒకాయన ఫోను చేశారు. అన్వేషణ అని మార్చాను.

జూలై, రెండో శనివారం

సెలవు రోజు కాబట్టి ముఖాలు కొంచెం ముడుచుకునే ఉన్నాయి. ఉపన్యాసం లేకుండా నేరుగా సమస్యలోకి దిగాను. వృత్తం మీద కొన్ని బిందువులు పెట్టి, ప్రతి రెంటినీ జ్యాతో కలపాలి. ఒక బిందువుకు లోపలి ప్రాంతం 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. ఆరు బిందువులు పెడితే గరిష్ఠంగా ఎన్ని ప్రాంతాలు?

ఎమ్మెస్సీలు చేసి, పదేళ్లూ ఇరవయ్యేళ్లూ పాఠాలు చెప్పిన 14 మందిలో 12 మంది గీయకుండానే 32 అని రాశారు. మిగిలిన ఇద్దరూ గీశారు. వాళ్లలో ఒకరు పదవీ విరమణకు దగ్గరలో ఉన్న సీనియర్ అధ్యాపకులు. జేబులోంచి వృత్తలేఖిని తీసి, వ్యాసార్ధంతోనే చుట్టూ గుర్తులు పెట్టి ముచ్చటైన క్రమ షడ్భుజి గీసి, ప్రతి ప్రాంతంలోనూ పెన్సిలుతో అంకె వేసుకుంటూ వెళ్తే 30 దగ్గర ఆగింది. పక్క బల్ల మీద మరొకరు చేతితో వంకరటింకరగా గీసిన బొమ్మలో 31 వచ్చాయి. ఎవరి లెక్క తప్పు? సహజంగానే అందరూ అందంగా ఉన్న బొమ్మనే నమ్మారు. పైగా రెండూ 32 కాదు కాబట్టి ఇద్దరూ తప్పే అయి ఉండాలన్నది ఎక్కువమంది తీర్మానం.

ఆ తరువాతి ఇరవై అయిదు నిమిషాలు నా జీవితంలో నేను మాట్లాడకుండా గడిపిన అతి పొడుగైన ఇరవై అయిదు నిమిషాలు. సుద్దముక్క ఉంటే చెయ్యి ఊరుకోదని దాన్ని కిటికీలో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. “మేడమ్, మీరు చెప్పేస్తే భోజనాలకు లేద్దామండీ” అన్నారొకరు. అప్పటికే ఇద్దరు అధ్యాపకురాళ్లు రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి మధ్య భాగాన్ని చూస్తున్నారు. వంకర బొమ్మలో మూడు పొడుగాటి జ్యాల నడుమ గోరంత త్రిభుజం ఒకటి ఉంది. క్రమ షడ్భుజిలో ఆ మూడు జ్యాలూ కేంద్రం దగ్గర ఒకే బిందువులో కలుసుకుంటాయి కాబట్టి ఆ త్రిభుజం మాయమైంది. అంటే 30 కూడా సరైన లెక్కే, బొమ్మ మాత్రం ప్రత్యేకమైనది. నేను అడిగిన గరిష్ఠం 31.

భోజనం తరువాత, ఉదయం ఎవరికి ఎలా అనిపించిందని అడిగాను. “అందరి ముందూ 32 అని రాశాక అది తప్పని తేలుతుంటే తలెత్తాలనిపించలేదు” అన్నారు ఆ 12 మందిలో ఒకరు. తరగతిలో మనం ప్రశ్న వేసినప్పుడు పిల్లలు ఎందుకు నోరు విప్పరో మేమంతా ఇదివరకు చాలా కారణాలు చెప్పుకునేవాళ్లం, ఈ కారణం మాత్రం ఆ జాబితాలో ఉండేది కాదు. ఎందుకు 31 అన్నదానికి నిరూపణ ఎవరూ ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

జూలై, నాలుగో శనివారం

పదో తరగతి నుంచీ అందరికీ కంఠస్థమైన నిరూపణ తీసుకున్నాను: 2 వర్గమూలం కరణీయ సంఖ్య. ఒక పిట్టకథ. భిన్నంగా రాయగలిగే సంఖ్య ‘అకరణీయం’, రాయలేనిది ‘కరణీయం’ అన్న మన పరిభాష ఏటా కనీసం పదిమంది పిల్లలను తిరకాసులో పడేస్తుంది. ఈసారి ఇద్దరు అధ్యాపకులను కూడా పడేసింది.

నిరూపణ అడిగితే అందరూ రెండు నిమిషాల్లో రాసేశారు. అప్పుడు అసలు పని చెప్పాను: మీరు రాసినదాంట్లో 2 ఉన్నచోటల్లా 4 పెట్టి మళ్లీ చదవండి. 4 వర్గమూలం 2 కాబట్టి ఈ నిరూపణ ఎక్కడో ఒకచోట కూలాలి. ఏ వాక్యం దగ్గర కూలుతుంది?

మొదట “ఊహించడమే తప్పు” అన్నారు. విరోధాభాస పద్ధతిలో ఊహించడం ఎప్పుడూ తప్పు కాదు, దాన్నుంచి నడిచే మెట్లలోనే తప్పుండాలని వాళ్లలో వాళ్లే సర్దుకోవడానికి పది నిమిషాలు పట్టింది. చివరికి వేలు పడిన చోటు ఇది: “4 లవం వర్గాన్ని భాగిస్తుంది కాబట్టి లవాన్నీ భాగిస్తుంది.” 36ను 4 భాగిస్తుంది, 6ను భాగించదు. మరి అదే వాక్యం 2కు ఎందుకు నిజం అని అడిగితే, గది మొత్తం ఒక్క గొంతుతో “సరి సంఖ్య వర్గం సరి సంఖ్యే కదండీ” అంది. అది కావలసిన వాక్యానికి విపర్యయం, అంటే తిరగేసిన వాక్యం. మనకు కావలసింది, వర్గం సరి అయితే సంఖ్య సరి అని. దాని ప్రతివర్తితమైన “బేసి సంఖ్య వర్గం బేసి” దగ్గరికి రావడానికి మరో అయిదు నిమిషాలు.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను గాని, వాళ్లే ఆపలేదు. ఈ మెట్టు ప్రధాన సంఖ్యలకే పనిచేస్తుందా అన్నారొకరు. 6కు పనిచేస్తుందని, 12కు పనిచేయదని వెంటనే తేలింది, ఎందుకంటే 36ను 12 భాగిస్తుంది గాని 6ను భాగించదు. ఒకటి కంటే పెద్దదైన వర్గ సంఖ్య ఏదీ కారకంగా లేనివాటికే పనిచేస్తుందన్న ఊహ బోర్డు ఎక్కింది. అయితే 12 వర్గమూలం కూడా కరణీయమే కదా, నిరూపణ చెడినా సిద్ధాంతం నిలబడిందే అని వెనక బెంచీలోంచి వచ్చిన ప్రశ్న నా ప్రణాళికలో లేదు. ఈ ప్రాజెక్టులో నాకు దక్కిన మొదటి లాభం అదే.

ఆగస్టు

రెండు సమావేశాల సంగతీ ఒకేచోట రాస్తున్నాను. ఒక శనివారం వరలక్ష్మీ వ్రతం మరునాడే పడడంతో సగం మందే వచ్చారు.

ప్రశ్న వేసిన తరువాత అధ్యాపకుడు ఎంతసేపు ఆగుతాడన్నదాన్ని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల నాటికే పాఠశాల సైన్సు తరగతుల్లో కొలిచి, సగటున ఒక సెకను దగ్గరే మాట్లాడేస్తున్నారని, మూడు సెకన్లకు మించి ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని చూపింది. మేమూ ఫోనులో రికార్డు చేసుకుని విన్నాం. శిక్షణ ఇస్తున్న నేనే, “ఎవరైనా చెప్పగలరా?” అన్న రెండో సెకనులోనే “అంటే, ఒకసారి నిర్వచనం చూడండి...” అంటూ మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొరుకుడు పడలేదు. ఇక మీదట ప్రశ్న వేశాక మనసులో ఇరవై లెక్కపెట్టాలని నియమం పెట్టుకున్నాం.

ఈ నెల సమస్య అవధి నిర్వచనం. ఇందులో ఎప్సిలాన్ అంటే మనకు నచ్చినంత చిన్న ధన సంఖ్య. ప్రతి ధన ఎప్సిలాన్‌కూ ఒక స్థానం ఉంటుంది, ఆ స్థానం తరువాతి పదాలన్నీ అవధికి ఎప్సిలాన్ కంటే తక్కువ దూరంలో ఉంటాయి. ఇందులో వరుస మార్చి, “ఒక స్థానం ఉంటుంది, ఆ స్థానం తరువాతి పదాలన్నీ ప్రతి ఎప్సిలాన్‌కూ అంత దగ్గరలో ఉంటాయి” అని రాస్తే, ఆ షరతుకు ఏ అనుక్రమాలు నిలబడతాయి? మొదట తేడా ఏమీ లేదన్నారు. ఇంగ్లీషు వాక్యాలు బోర్డు మీద అటూ ఇటూ మార్చి రాసినా తేడా కనిపించలేదు. కోనసీమ నుంచి వచ్చిన అధ్యాపకురాలు దాన్ని తెలుగులోకి దించారు: “ప్రతి లంకకీ ఒక రేవుంది అంటే ఒక మాట, అన్ని లంకలకీ ఒకే రేవుంది అంటే వేరే మాట.” ‘ఒక’కూ ‘ఒకే’కూ మధ్య ఉన్న ఆ ఏత్వం దగ్గర గదంతా ఒక్కసారిగా కదిలింది. స్థానం ఒకటే అయితే, దాని తరువాతి పదాలకూ అవధికీ మధ్య దూరం ప్రతి ధన సంఖ్య కంటే తక్కువ కావాలి, అంటే సున్నా కావాలి. కాబట్టి ఒక చోటి నుంచి అవధితోనే సమానమైపోయి స్థిరంగా ఉండిపోయే అనుక్రమాలు మాత్రమే మిగులుతాయి. ఒకటి, అర, మూడో వంతు, పావు అంటూ సున్నా వైపు నడిచే అనుక్రమానికి కూడా ఇందులో చోటు లేదు. నిర్వచనంలోని వరుసకు అంత విలువ ఎందుకో ఇన్నేళ్లూ “గుర్తుపెట్టుకోండి” అనే చెప్పామని ఒకరు నవ్వుతూనే అన్నారు.

సెప్టెంబరు

ఈ పద్ధతి ఎక్కడిదని అడిగారు కాబట్టి ఒక గంట చరిత్రకు ఇచ్చాను. కాలేజీ గణితంలో దీనికి మూలపురుషుడిగా చెప్పే ఆర్. ఎల్. మూర్ 1920 నుంచి 1969 వరకు టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. నిర్వచనాలూ సిద్ధాంతాలూ ఇచ్చి, పుస్తకం ముట్టుకోకుండా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరి నిరూపణ వారే తయారుచేసుకుని బోర్డు మీద నిలబెట్టుకోవాలనేవాడు. గొప్ప గణితవేత్తలను తయారుచేశాడు. నల్లజాతి విద్యార్థులను తన తరగతిలోకి రానివ్వనని నిరాకరించినవాడూ ఆయనే. భవనానికి పెట్టిన ఆయన పేరును 2020లో ఆ విశ్వవిద్యాలయం తీసేసింది. ఈ రెండో సంగతి చెప్పకుండా మొదటిది చెప్పడం నాకు సబబనిపించలేదు. ఇప్పటి అన్వేషణ తరగతులు పోటీ కంటే కలిసి ఆలోచించడం మీదే నిలబడతాయి. మన దేశంలో ప్రశ్నలతోనే పాఠం నడిపే సంప్రదాయాన్ని 1993లో గణిత ఆచార్యులు ఎస్. కుమరేశన్ మొదలుపెట్టిన ఎం.టి.టి.ఎస్. (గణిత శిక్షణ, ప్రతిభాన్వేషణ) వేసవి శిబిరాలు పెంచాయి. ఆయన తరువాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఆ శిబిరాల ఊసు తెలిసినవాళ్లు తక్కువ కాదు. మా 14 మందిలో ఒకరు విద్యార్థిగా వెళ్లొచ్చారు.

అయితే మా గదిలోనే ఒక సంగతి తేలింది. అప్పటిదాకా బోర్డు దగ్గరికి వెళ్లిన వాళ్ల లెక్క తీస్తే, తొమ్మిది సార్లలో ఎనిమిది సార్లు మగవాళ్లే వెళ్లారు. వంకర బొమ్మ మధ్యలో త్రిభుజాన్ని కనిపెట్టింది ఇద్దరు మహిళలు, రేవు మాట అన్నదీ మహిళే. వాళ్ల మాటను బోర్డు మీద రాసింది మాత్రం వేరేవాళ్లు. 2014లో శాండ్రా లార్సెన్ బృందం ప్రచురించిన పరిశోధన, మామూలు తరగతుల్లో మగపిల్లల కంటే తక్కువ లాభం పొందామని చెప్పిన ఆడపిల్లలు అన్వేషణ తరగతుల్లో వాళ్లతో సమానంగా లాభపడ్డామన్నారని చూపింది. 2020లో వచ్చిన మరో పరిశోధన, అమూర్త బీజగణితాన్ని అన్వేషణ పద్ధతిలో చెప్పిన తరగతుల్లో మగపిల్లలే ఆడపిల్లల కంటే మెరుగ్గా రాణించారని, మామూలు తరగతుల్లో ఆ తేడా కనిపించలేదని చూపింది. రెండింటినీ కలిపి చదివితే నాకు అర్థమైంది ఒకటే, చొరవ ఉన్నవాడికి బోర్డు వదిలేస్తే దాన్ని అన్వేషణ అనుకోకూడదు. ఇప్పటి నుంచి జంటలుగా ఆలోచిస్తారు, బోర్డు దగ్గరికి ఎవరు రావాలో చీటీ తీస్తాం, వచ్చినవారు తమ జంట చెప్పిన వాదాన్ని వాళ్ల పేరుతోనే వివరించాలి.

భాష సంగతి కూడా ఈ నెలలోనే తెగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువు ఇంగ్లీషు మీడియంలోకి మారింది. అందువల్ల తరగతిలో నిరూపణ గురించి తెలుగులో మాట్లాడనిస్తే పరీక్షలో నష్టపోతారని కొందరి భయం. కేరళలో జ్యేష్ఠదేవుడు 16వ శతాబ్దంలోనే ‘యుక్తిభాష’ అనే గణిత గ్రంథంలో ఉపపత్తులను, అంటే నిరూపణలను, మలయాళంలో రాశాడు కాబట్టి దేశభాష నిరూపణకు చాలదన్న మాట నేను ఒప్పుకోను. వాదం తెలుగులో, తుది ప్రతి ఇంగ్లీషులో అని రాజీపడ్డాం.

అక్టోబరు

తరగతి గదిలో మొదటి ప్రయత్నం, చెప్పాలంటే, బోల్తా పడింది. మూడో సెమిస్టరు సమూహ సిద్ధాంతం తరగతి, 42 మంది విద్యార్థులు, యాభై నిమిషాల పీరియడు. “ప్రతి మూలకమూ తనకు తానే విలోమమైన సమూహం ఎబీలియన్ అవుతుందని అన్వేషించండి” అని అధ్యాపకురాలు బోర్డు మీద రాసి పక్కకు తప్పుకున్నారు. ఎబీలియన్ అంటే, ఏ రెండు మూలకాలను ఏ వరుసలో గుణించినా ఒకే ఫలితం వచ్చే సమూహం. నేను వెనక కూర్చున్నాను. పావుగంట సేపు ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఆ తరువాత ఒక్కొక్కరే గైడు తెరిచారు. తప్పు పిల్లలది కాదు. ముగింపు ముందే చెప్పేసి, చేరే దారి మాత్రం వెతుక్కోమన్నాం.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని వర్క్‌షీటును తిరగరాశాం. కొత్తదాంట్లో సిద్ధాంతం ఎక్కడా లేదు. తత్సమం (దేనితో గుణించినా దాన్ని మార్చని మూలకం) కాక ఎ, బి, సి అనే మూడు మూలకాలు, ప్రతిదీ తనకు తానే విలోమం (తనతో తాను గుణిస్తే తత్సమం వస్తుంది), పట్టికలో మిగిలిన గళ్లు నింపండి. ఇంకో రకంగా నింపగలరా? నిండిన పట్టికలో మీకేం కనిపిస్తోంది? ఎనిమిది మూలకాలున్నా అలాగే ఉంటుందనుకుంటున్నారా, ఎందుకు? తిరగేసి చెబితే నిజమేనా?

వారం తరువాత అదే తరగతి వేరే తరగతిలా ఉంది. సుడోకు లాగా ఉందన్న మాట మొదటి మూడు నిమిషాల్లోనే వచ్చింది. ఎ, బిల లబ్ధం ఎ కాదు, బి కాదు, తత్సమమూ కాదు కాబట్టి సి తప్ప గత్యంతరం లేదని ఒక్కో గడినీ వాదించి నింపారు. కర్ణానికి అటూ ఇటూ అద్దంలా ఉందని గమనించారు. పెద్ద సమూహానికి ఎందుకు అలా ఉండాలన్న చోట అందరూ ఆగారు. అధ్యాపకురాలి పెదవులు కదులుతున్నాయి, ఇరవై లెక్కపెడుతున్నారన్నమాట. మూడో వరుసలోని ఒకమ్మాయి, లేచి నిలబడకుండానే, “ఎ, బి కలిపితే వచ్చేది కూడా గ్రూపులోనే ఉంది కదా మేడమ్, దానికీ అదే రూలు కదా” అంది. నిరూపణ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. లబ్ధం తనకు తానే విలోమం, లబ్ధపు విలోమమేమో విలోమాలను తిప్పి రాసిన లబ్ధం, ఆ విలోమాలు మళ్లీ ఆ మూలకాలే.

ఆ క్షణంలో అధ్యాపకురాలు ఉండబట్టలేక సుద్దముక్క తీసుకుని మిగతాదంతా తానే రాసేశారు. పీరియడులో చివరి ఎనిమిది నిమిషాలూ మామూలు పాఠమే. బయటికొచ్చాక ఆవిడే ముందుగా అన్నారు: “చెయ్యి ఆగలేదండీ.” తిరగేసిన ప్రశ్న మిగిలిపోయింది. దానికి మరునాడు ఒక కుర్రాడు, 3తో భాగిస్తే వచ్చే శేషాల సంకలన సమూహం ఎబీలియనే, కాని అందులో 1కి విలోమం 2 అని ప్రత్యుదాహరణ తెచ్చాడట.

నవంబరు

ముగ్గురు మానేశారు. ఒకరికి బదిలీ, ఇద్దరికి కాలేజీలో తనిఖీల పని. వాళ్లను తప్పుపట్టను. సిలబస్ పూర్తికాదన్న ఫిర్యాదు మాత్రం మిగిలిన 11 మందిదీ, అది నిజం కూడా. అన్ని సిద్ధాంతాలకూ ఈ పద్ధతి పెట్టబోతే సెమిస్టరులో రెండు యూనిట్లు కూడా దాటవు. యూనిట్‌కు ఒక్క సిద్ధాంతమే ఎంచుకోవాలని, మిగతావి ఎప్పటిలాగే చెప్పాలని నిర్ణయించాం. లెక్కలు మాత్రమే ఉండే సిద్ధాంతం పనికిరాదు. నిర్వచనంలోని ఏదో ఒక మాట మీద బరువంతా నిలబడి, ఆ మాట తీసేస్తే కూలిపోయేదాన్నే ఎంచుకోవాలి. సంవృత అంతరం (రెండు చివరి బిందువులూ కలిసిన అంతరం) మీద అవిచ్ఛిన్న ప్రమేయం పరిబద్ధం అన్నది అలాంటిది. సంవృతాన్ని వివృతంగా మార్చి చూడమంటే పిల్లలు వ్యుత్క్రమ ప్రమేయం (ఒకటిని ఆ సంఖ్యతో భాగించేది) దగ్గరికి తామే వెళ్తారు.

ఇంటర్నల్ పరీక్షలో ఒక ప్రశ్న మారింది. గైడులోని ఆ కనిష్ఠాన్నే తీసుకుని, “ఈ నిరూపణలో ఒక మాట తప్పు. అదేమిటో చెప్పి, ఆ తప్పును బయటపెట్టే అనుక్రమాన్ని ఒకటి ఇవ్వండి” అని అడిగాం. 5తో మొదలై ఆపైన అన్నీ సున్నాలే అయిన అనుక్రమం చాలు. మా తరగతిలో సగం మంది మాట పట్టుకున్నారు, అంతకంటే తక్కువమంది అనుక్రమం ఇవ్వగలిగారు. దిద్దడానికి మాత్రం రెట్టింపు సమయం పట్టింది, ఏ రెండు జవాబులూ ఒకేలా లేవు మరి.

డిసెంబరు, మొదటి వారం

సెమిస్టరు పరీక్షల వల్ల జనవరి దాకా గది దొరకదు. సమాకలనం యూనిట్‌కు వర్క్‌షీట్లు ఇంకా మొదలు కాలేదు.

నిన్న రాత్రి పది దాటాక, జూలైలో షడ్భుజి గీసిన సీనియర్ అధ్యాపకుల నుంచి వాట్సాప్‌లో మూడు ఫొటోలు వచ్చాయి. మొదటి దాంట్లో ఏడు బిందువుల బొమ్మ, ప్రతి ప్రాంతంలోనూ పెన్సిలు అంకె, చివరిది 57. మిగతా రెండింటిలో నిరూపణ. కొత్త జ్యా గీసినప్పుడల్లా, అది దాటిన పాత జ్యాల సంఖ్యకు ఒకటి ఎక్కువగా ప్రాంతాలు పెరుగుతాయి, కాబట్టి మొత్తం ప్రాంతాలు ఒకటి, జ్యాల సంఖ్య, ఖండన బిందువుల సంఖ్య ఈ మూడింటి మొత్తం. వృత్తం మీద ఏ నాలుగు బిందువులు తీసుకున్నా లోపల ఒక ఖండన బిందువు వస్తుంది. ఆరు బిందువులకు 1, 15, 15 కలిపి 31, ఏడింటికి 1, 21, 35 కలిపి 57. కింద ఎర్ర సిరాతో, “అయిదు నెలలు పట్టిందండీ, ఎవరినీ అడగలేదు, పుస్తకం చూడలేదు” అని రాశారు.

అభినందనలు టైపు చేసి, పంపకుండా చెరిపేశాను. ఇరవై లెక్కపెట్టి ఇలా రాశాను: “చాలా బాగుంది సార్. జూలైలో మీరు గీసిన షడ్భుజికి ఇదే నిరూపణ చదివితే, ఏ వాక్యం దగ్గర ఆగిపోతుంది?”

రెండు నీలి టిక్కులు పడ్డాయి. ఇంకా జవాబు రాలేదు.